గాలి తగిలిన బురద

పడవ నడిపే అతను రేవు బురద నింపిన ఐదు సీసాలూ ల్యాబ్ బల్ల మీద పెట్టి, అడగకుండానే చెప్పేశాడు.

"దారిలో మూతలు కాస్త వదులు చేశానండీ. లోపల ప్రాణమున్నవని మీరే అన్నారుగా. ఊపిరాడదేమోనని."

అక్కడ పరిశోధన చేసే ఆమె గబగబా మూతలన్నీ బిగించింది.

ఆ సూక్ష్మజీవులకు గాలే విషం. రేవు అడుగున నల్లటి బురదలో, ఎప్పుడో ఫ్యాక్టరీ వదిలిన క్లోరిన్ విషాన్ని కొద్దికొద్దిగా విరిచి బతుకుతాయవి. ఆ సంగతి నెలాఖరులోగా చూపించకపోతే ల్యాబ్ మూసేసి ఆమెను వేరే ఊరికి పంపేస్తారు. మళ్లీ బురద తెద్దామంటే సముద్రం అల్లకల్లోలంగా ఉందని సాయంత్రం నుంచే పడవలు ఆపేశారు; అవి మళ్లీ వదిలేసరికి ప్రయోగానికి గడువు చాలదు.

"మూతలు ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. ఎందుకో చెప్పలేదు."

అది నిజం కావడంతో ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టి పంపేసింది.

బురద పైపొర అప్పటికే గోధుమరంగుకు తిరిగింది. గాలి చొరని గాజుపెట్టెలో ఆ పొర గీకేసి, అడుగున మిగిలిన నల్లబురదను కొత్త సీసాల్లోకి మార్చింది. అవి విరవాల్సిన క్లోరిన్ విషం కొంచెం కలిపి మూతలు బిగించింది.

మర్నాడు నాలుగింటికి అతను గుమ్మం దగ్గర నిలబడి, బతికాయా అని అడిగాడు. తెలియదంది. ఆ తర్వాత రోజూ అదే వరస. ఆస్పత్రిలో రోగి తాలూకు మనిషిలా వస్తున్నాడే అని ల్యాబ్‌లో సీనియర్ మేడమ్ నవ్వింది. బదిలీ సంగతి అతని చెవిన వేసింది కూడా ఆవిడే.

ఒకరోజు ఆమే గాలి సంగతి వివరించింది. అతను మూతలు తిప్పిన తన వేళ్లకేసి చూసుకున్నాడు.

"అంటే మంచి చేస్తున్నాననుకుని పీక నొక్కానన్నమాట."

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. మూడో వారానికి, నాలుగు కాకముందే తన కళ్లు గుమ్మం మీదికి పోవడం గమనించి తన మీద తనకే కోపం వచ్చింది.

ఇరవై రెండో రోజు మెషిన్ గీసిన చార్టులో విషం గీత కుంగి, పక్కన విరిగిన విషానిది చిన్న కొత్త గీత లేచింది. నమ్మలేక మళ్లీ నడిపింది. అదే గీత.

అతను వచ్చేసరికి ఆమె చార్టు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఐదు సీసాల్లో రెండింట్లో బతికాయి. పని చేస్తున్నాయి."

అతను మెట్టు మీదే ఆగాడు. "అయితే మీరు వెళ్లరా?"

"ఆ మాట అడగడానికి ఇన్ని రోజులా?"

"చంపింది నేనే కదండీ. ఏ మొహం పెట్టుకుని వెళ్లొద్దనమంటారు?"

ఆమె చార్టును అటు తిప్పింది, ఇటు తిప్పింది. అందులో చూడాల్సిందేమీ లేదు.

"ఇప్పుడనండి," అంది.