చెట్టు కింద నోరెత్తకూడదు

“మీరు వెళ్ళి కారు దగ్గర నిలబడండి,” అంది ప్రిస్సిల్లా.

నోయెల్ తెల్లబోయాడు. అక్క కూతురు షారన్‌ని అమెరికాలో తాముండే మోరిస్‌విల్ పార్కుకి చెట్టెక్కడానికి తీసుకొచ్చిన పాపానికి ఇదా మర్యాద? అతను చేసిందల్లా కింద నిలబడి, ఇంకొంచెం పైకెళ్ళమని, ఆ కొమ్మ అందుకోమని పిల్లకి ధైర్యం చెప్పడమే.

ప్రిస్సిల్లా వారమంతా ల్యాబ్‌లో పనిచేస్తుంది. శనివారాలు పిల్లలకి తాళ్ళతో చెట్లెక్కడం నేర్పుతుంది. పెద్ద ఓక్ కొమ్మ మీంచి తాడు వేసి, పిల్లల నడుముకి బెల్టు, తలకి హెల్మెట్ పెట్టి, తాడు మీది ముడిని వాళ్ళే జరుపుకుంటూ పైకి వెళ్ళమంటుంది. ఎక్కడ ఆగితే అక్కడ ఆ ముడే బిగుసుకుని వాళ్ళని పడిపోకుండా ఆపుతుంది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: కింద ఉన్నవాళ్ళు ఎక్కమనీ అనకూడదు, దిగమనీ అనకూడదు. ఎంత ఎత్తు చాలో ఎక్కేవాళ్ళే తేల్చుకోవాలి. మన అమ్మానాన్నలకి ఇది చెట్టెక్కడం కన్నా కష్టమైన పని.

అయినా ఆమె కోపమంతా షారన్ గురించే కాదని నోయెల్‌కి తెలుసు. పాస్టరుగారి భార్య దేవకుమారి ఆంటీ ఆ మధ్య వీళ్ళిద్దరికీ సంబంధం మాట్లాడింది. అతనికి ప్రిస్సిల్లా చూడగానే నచ్చింది. ఆమె మాత్రం కొంచెం టైమ్ కావాలంది. ఆ టైమ్ గడవక, ఆమె ఒప్పుకునేలా ప్రార్థన చేయమని నోయెల్ ఆంటీ చెవిలో మనవి చెప్పుకున్నాడు. చెవిలో పడ్డది చెవిలోనే ఉంచుకునే మనిషి కాదు ఆంటీ. ఆదివారం తెలుగు చర్చిలో మైకు పట్టుకుని, పేరు పెట్టి మరీ, ప్రిస్సిల్లా మనసు మెత్తబడాలని ప్రార్థించింది. సంఘమంతా ఆమేన్ అంది. అప్పటి నుంచి ఎదురైన ప్రతి ఆంటీ, ఏమనుకున్నావమ్మా అని ఆమెని నిలదీస్తూనే ఉంది.

నోయెల్ కారు దగ్గరికి పోయి నోరు మూసుకుని చూశాడు. షారన్ సగం ఎత్తులో ఆగింది. ఆకుల మధ్య ఊగుతూ చాలాసేపు అటూ ఇటూ చూసి, తనంతట తనే దిగి వచ్చింది. పైదాకా ఎందుకు వెళ్ళలేదని అడిగాడు.

“అక్కడే బాగుంది మామా. నువ్వు అరుస్తుంటే నాకు ఎక్కాలని ఉందో లేదో తెలీలేదు. సైలెంట్ అయ్యాక తెలిసింది.”

నోయెల్‌కి చాలా సిగ్గేసింది. ఇన్నాళ్ళుగా ప్రిస్సిల్లా విషయంలో తను చేసింది కూడా ఇదే. పైగా తనొక్కడి గొంతు చాలదన్నట్టు చర్చిని మొత్తం పోగుచేశాడు.

మరుసటి రోజు చర్చిలో, దేవుడు తమకి చేసిన మేళ్ళు అందరూ లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, అతనూ లేచి నిలబడ్డాడు.

“నేనిచ్చిన ప్రార్థన మనవి వెనక్కి తీసుకుంటున్నాను. ప్రిస్సిల్లా గారు కాదన్నా అది ఆమె ఇష్టం. దయచేసి ఎవరూ ఆమెని అడగొద్దు. ఇక నేనూ అడగను.”

ఆ సంఘంలో మనవి వెనక్కి తీసుకున్నవాడు ఎవరూ లేరు. దేవకుమారి ఆంటీ నోట మాట రాలేదు. అదొక్కటే పెద్ద అద్భుతం. నోయెల్ మాత్రం చేజేతులా ఆమెని పోగొట్టుకున్నాననే అనుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారాలన్నీ ఆమె ఉన్న వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాడు.

ఓ ఆదివారం ఆరాధన అయ్యాక అతను కుర్చీలు మడుస్తుంటే, ప్రిస్సిల్లా వచ్చి కుర్చీని రెండో వైపు పట్టుకుంది.

“ఇంతమంది తోస్తుంటే, నేను ఔనన్నా అది నా మాటో వాళ్ళ మాటో నాకే తెలిసేది కాదు,” అంది. “ఇప్పుడు తెలిసింది. నాకు మీరంటే ఇష్టం.”

నోయెల్ కుర్చీ వదలలేదు, మడవనూ లేదు. ఈ మాట దేవకుమారి ఆంటీకి చెప్పారా అని ఆమెని అడిగాడు.

“లేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. ముందు మీకే చెప్పాలనిపించింది.”