అమెరికా అనుకున్న గరిటె

"గరిటె మీద అలా ఊపిరి వదలకండి, మసకబారుతుంది," అన్నారెవరో వెనకనుంచి.

వదలడం సంగతి దేవుడెరుగు, నేసా టూమీ ఊపిరి తీసుకోవడమే మరిచిపోయి అరనిమిషం అయింది. ఆమె చేతిలో ఉన్నది జానెడున్నర పొడవు వెండి సూప్ గరిటె. దాని మెడకు కట్టిన చీటీ మీద 'అమెరికా, సుమారు 1900' అని గుండ్రటి దస్తూరీతో రాసి ఉంది. కాడ వెనక భూతద్దంలో కంసాలి పేరు తాలూకు రెండు అక్షరాలు, పక్కనే మేలిమి వెండి అని చెప్పే 'స్టెర్లింగ్' అన్న మాట కనిపిస్తున్నాయి.

అమెరికా అట, అమెరికా. ఇది ఐర్లండ్‌లోని ఈ కార్క్ ఊరి గరిటె. ఈ ఊరి కంసాలి, ఈ వేలంశాలకు నాలుగు వీధుల అవతల, రెండు వందల నలభై ఏళ్ళ క్రితం కొట్టిన గరిటె. ఇలాంటిదాని కోసం నేసా ఆరేళ్ళుగా ఐర్లండ్‌లో తొక్కని గడప లేదు. కట్టుడుపళ్ళు తయారుచేసి పొట్టపోసుకునే పిల్లకి కార్క్ గరిటె కొనే తాహతు ఎక్కడిది? ఇలా ఎవడో ఒక తెలివితక్కువవాడు తప్పు చీటీ కడితే తప్ప.

"ఈ చీటీ రాసిందెవరు?" అంది మెల్లగా.

"నేనే," అన్నాడతను గర్వంగా. "లోర్కన్. డబ్లిన్‌నుంచి కొత్తగా వచ్చాను."

మాట తీరులోనే తెలుస్తోంది డబ్లిన్ అని. నేసా కోపం సగం అక్కడే మొదలైంది. కార్క్ వాళ్ళ లెక్కలో రాజధాని కార్కే. డబ్లిన్ ఏదో పొరపాటున ఆ పేరు పెట్టుకుంది.

"అమెరికా అని ఎలా చెప్పారు?"

"చాలా తేలిక. డబ్లిన్ వెండి అయితే వీణ ముద్ర ఉంటుంది. ఇంగ్లండుదైతే సింహం ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు, స్టెర్లింగ్ అన్న మాట ఒక్కటే ఉంది. అలా రాసుకునే అలవాటు అమెరికా వాళ్ళదే." అని కాస్త ఆగి, "మూడుసార్లు తిప్పి చూశారు. నచ్చిందా?" అన్నాడు.

"నచ్చడానికేముంది. అమెరికా వాళ్ళకి ఇంత గరిటె ఎందుకా అని చూస్తున్నా."

"అయ్యో, వాళ్ళ సంగతి మీకు తెలీదు. సార్డీన్ చేపకో ఫోర్కు, ఐస్‌క్రీముకో ఫోర్కు, స్ట్రాబెర్రీకో ఫోర్కు. భోజనానికి కూచుంటే ఏది దేనికో తేలేసరికి అన్నీ చల్లారిపోతాయి."

నేసాకి నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుంది గానీ వచ్చేసింది. అతనికి బుగ్గ మీద సొట్ట పడుతుందని అప్పుడే కనిపెట్టింది. గరిటెను అద్దాల బీరువాలో పెట్టేసి తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చింది. వేలం శుక్రవారం. ఇవాళ మంగళవారం. మూడు రోజులు నోరు మూసుకుంటే చాలు.

ఇంట్లో అమ్మమ్మ నోనీ కోటర్‌కి చెబితే ఆవిడ కప్పు కింద పెట్టి, "మూడు రోజులే? నీ నోరు మూడు నిమిషాలు మూతపడగా నేను చూడలేదే," అంది.

---

బుధవారం నేసా మళ్ళీ వెళ్ళింది. గరిటె చూడ్డానికేనని తనకు తనే చెప్పుకుంది. అయితే వెళ్ళే ముందు మాత్రం రెండుసార్లు జడ విప్పి మళ్ళీ అల్లుకుంది.

వేలంశాల మెట్ల మీదికి రాగానే లీ నది మీదనుంచి వాన అడ్డంగా కొట్టుకొచ్చింది. గాలికి ఆమె గొడుగు వెనక్కి తిరగబడింది. అప్పుడే బయటికొచ్చిన లోర్కన్ దాన్ని సరిచేయబోయి తన గొడుగు కూడా తిరగేసుకున్నాడు.

"డబ్లిన్ గొడుగులు ఇంతే," అంది నేసా.

"మీ ఊరి వాన నేల మీద పడదా? పక్కనుంచి వస్తుందేం?"

"కొత్తవాళ్ళ మొహాలు చూడాలని వస్తుంది."

ఇద్దరూ తడిసి ముద్దై ఊళ్ళోని ఇంగ్లిష్ మార్కెట్ మేడ మీద టీ కొట్లో తేలారు. అతను మసాలా పట్టించిన బీఫ్ ముక్కలు వేసిన రొట్టె తీసుకుని, మొదటి ముక్కకే కళ్ళు మూసుకున్నాడు.

"ఇక్కడే ఉండిపోవాలనుంది," అన్నాడు. ఆ మాటలో ఆట లేదు. "శుక్రవారంతో నా మూడు నెలల గడువు అయిపోతుంది. ఉంచుకోవాలో పంపెయ్యాలో ఆ రోజే మా యజమాని క్రెమిన్ గారు చెబుతారు. ఇంతకుముందు ఇద్దరిని కేటలాగ్‌లో తప్పులకే పంపేశారట."

నేసా అప్పటికే తీపైన టీలో మళ్ళీ పంచదార వేసుకుంది.

"నాకేం భయం లేదు లెండి. రెండు వందల పదహారు వస్తువులు రాశాను. ఒక్క తప్పు లేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదు. కార్క్ వెండి మాత్రం నాకు ఇంకా చేతికి అందలేదు. పని నిలబడితే మీరు నేర్పుతారా? మీ అమ్మమ్మగారి దగ్గర కార్క్ చెంచాలున్నాయని ఇందాక దారిలో అన్నారుగా."

అడిగి ఆమె వంక చూశాడు. నేసా కళ్ళు దించుకుని బల్ల మీద రొట్టె తునకలు ఏరింది. ఈ మనిషి ఇంకాస్త పొగరుగా ఉంటే ఎంత బావుండేది, ఎంచక్కా మోసం చేసేదాన్ని, అనిపించింది.

ఆ సాయంత్రం నోనీ ఆవలింతల మధ్య అంతా విని, "అయితే గరిటె అందంగా ఉందా, కుర్రాడు అందంగా ఉన్నాడా?" అంది.

"అమ్మమ్మా, నవ్వులాట కాదు. నేను నోరుమూసుకుంటే గరిటె నాది. కానీ రేపు అది కార్క్‌దని ఊళ్ళో తెలిస్తే అతని పని పోతుంది. చెబితే చీటీ దిద్దుతారు, పెద్ద పెద్ద వ్యాపారులు దిగుతారు. ఇక గరిటె మీద ఆశ వదులుకోవడమే."

"ఏం చేస్తావు మరి?"

నేసా ఆ రాత్రీ గురువారమంతా ఆలోచించింది. మింగలేక కక్కలేక సతమతమవుతుంటే ఆ రోజు చేసిన కట్టుడుపళ్ళలో ఒకటి వంకర పోయింది. చివరికి అమ్మమ్మ గదిలోకొచ్చి, "చెప్పేస్తాను. చెప్పేసి వేలంలో చెయ్యి ఎత్తకుండా వచ్చేస్తాను," అంది.

"పిచ్చి మొహమా," అంది నోనీ. తిట్టినట్టు లేదు. కాసేపటికి వేలంశాల ఫోన్ నంబరు ఉన్న కాగితం ఎక్కడుందని అడిగింది గానీ, ఏడ్చే పనిలో ఉండి నేసా పట్టించుకోలేదు.

---

శుక్రవారం వేలానికి గంట ముందు లోర్కన్ కుర్చీలు సర్దుతున్నాడు.

"ఆ గరిటె అమెరికాది కాదు," అంది నేసా, పలకరింపు కూడా లేకుండా. "కార్క్‌ది. వెనకటి రోజుల్లో నాణ్యత ముద్ర వేయించాలంటే వెండి మీ డబ్లిన్‌కే పంపాలి. దారంతా దొంగలు. అందుకని మావాళ్ళు స్టెర్లింగ్ అని ఇక్కడే కొట్టేసుకునేవాళ్ళు. అమెరికా వాళ్ళకంటే ముందే."

లోర్కన్ చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. "మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మంగళవారం నుంచి."

"బుధవారం నాతో టీ తాగుతున్నప్పుడు కూడా?"

"అప్పుడూ తెలుసు." "చవగ్గా కొట్టేద్దామనుకున్నాను. నీకు సొట్ట లేకపోతే కొట్టేసేదాన్నే."

అతను నవ్వలేదు. కుర్చీ దించి క్రెమిన్ గారి గది వైపు వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది. నేసా కాళ్ళు ఇంటికి పోదామన్నాయి. మనసు మాత్రం మూడో వరుసలో కూలబడింది. అతని పని ఉందో ఊడిందో తెలియకుండా ఎలా పోతుంది?

హాలు నిండింది. గరిటె వంతు రాగానే క్రెమిన్ గారు సుత్తి ఎత్తబోతుంటే లోర్కన్ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఒక దిద్దుబాటు. ఈ గరిటె అమెరికాది కాదు, కార్క్‌ది. తప్పు నాది. దీన్ని గుర్తుపట్టినావిడ నోరు మెదపకుండా ఉంటే భోజనం ఖర్చుకి తీసుకుపోయేవారు. ఆవిడే వచ్చి చెప్పారు. మూడో వరుసలో పచ్చకోటు."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. నేసాకి సిగ్గు, కోపం, దాంతోపాటు ఇంకేదో కూడా తన్నుకొచ్చింది. అంతమందిలో తన తప్పు తానే చాటుకున్న మనిషి కళ్ళ ముందు నిలబడి ఉంటే, ఆమె ఒట్టు మరిచిపోయి చెయ్యెత్తేసింది.

పాట మొదలైంది. ముందు ఇద్దరు వ్యాపారులు పాడి, పద్దెనిమిది వందల యూరోల దగ్గర తప్పుకున్నారు. మిగిలింది నేసా, ఎవరో ఫోన్‌లో. ఫోన్ పట్టుకుని అవతలివాళ్ళ తరఫున పాడుతున్నది ఇంకెవరు, లోర్కనే.

"పందొమ్మిది వందలు," అంది నేసా.

లోర్కన్ ఫోన్‌లో గొణిగి, బాధగా చెయ్యెత్తాడు. "రెండు వేలు."

"రెండు వేల ఒక వంద."

"రెండు వేల రెండు వందలు." ఆ మాట అంటున్నప్పుడు అతను ఆమె వంక చూడలేకపోయాడు.

ఇలా రెండు వేల ఆరు వందల దాకా పోయింది. నేసా దగ్గరున్న ఆఖరి యూరో కూడా అయిపోయింది. ఇక ఉండబట్టలేక లేచి అరిచేసింది.

"ఆ ఫోన్‌లో ఉన్నవాళ్ళకి ఇంట్లో గరిటెలు లేవా? ఆరేళ్ళు తిరిగినదాన్ని, ఆ మాత్రం జాలి లేదా? ఎవరో డబ్బు చేసిన ముసలి గాడిద అయి ఉంటుంది."

లోర్కన్ ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. అతని కళ్ళు పెద్దవయ్యాయి. ఫోన్ మీద చెయ్యి అడ్డుపెట్టి, "ఫోన్‌లో ఆవిడ ఒక మాట అడగమంటున్నారు. అరుస్తున్న పిల్ల పేరు నేసానా అని," అన్నాడు.

"అవును. ఏం?"

లోర్కన్ మళ్ళీ విన్నాడు. "అయితే ముసలి గాడిద మీ అమ్మమ్మే అని చెప్పమన్నారు."

నవ్వులకి కిటికీ అద్దాలు అదిరాయి. నేసా కుర్చీలో కుక్కిన పేనులా కూచుండిపోయింది. తను చెయ్యెత్తనంది గనక, అమ్మమ్మ తనకోసం రహస్యంగా కొనిపెడదామనుకుంది. తీరా ఇద్దరూ ఒకరి మీద ఒకరు పోటీపడి ఎనిమిది వందలు ఎగదోసుకున్నారు. క్రెమిన్ గారు కళ్ళు తుడుచుకుని, "పాట ఫోన్‌ది. పచ్చకోటూ, ఇంకేమైనా ఉందా?" అని అడిగారు.

"లేదండీ," అంది నేసా సన్నగా. సుత్తి పడింది.

ఆ తర్వాత ఆయన వేదిక దిగి వస్తుంటే నేసా ఎదురెళ్ళి నిలబడింది. "అతన్ని పంపేస్తారా?"

క్రెమిన్ గారు లోర్కన్ వంక చూశారు. "తప్పు రాసినవాళ్ళు నా దగ్గర ముగ్గురయ్యారమ్మా. నిండు హాల్లో లేచి 'తప్పు నాది' అన్నవాడు వీడొక్కడే. ఉంటాడు. కార్క్ వెండి మాత్రం ఎవరైనా నేర్పాలి." అని సుత్తి చంకలో పెట్టుకుని టీకి పోయారు.

వాళ్ళిద్దరూ మిగిలారు.

"మూడు రోజులు దాచావు," అన్నాడు లోర్కన్. 'మీరు' ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు.

"దాచాను. తప్పే. గరిటె కోసం ఆరేళ్ళు తిరిగాను, నిన్ను చూసి మూడు రోజులే అయింది. అయినా ఏది పోతే బతకగలనో, ఏది పోతే బతకలేనో తెలిసిపోయింది. అంతకంటే నాకు చెప్పడం రాదు."

అతని బుగ్గ మీద సొట్ట పడింది. "నాకు చెప్పడం వచ్చు గానీ, ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. నువ్వంటే ఇష్టం. చాలా ఇష్టం. తప్పు చీటీ రాసి ఇంత సంతోషపడినవాడు ఈ దేశంలో ఇంకొకడు ఉండడు."

అప్పుడు అతని చేతిలోంచి కీచుమని గొంతు వచ్చింది. ఫోన్ ఇంకా పెట్టేయలేదు.

"ఇదుగో అబ్బాయ్, ఫోన్ పెట్టెయ్యడం మీ డబ్లిన్‌లో నేర్పరా? అంతా విన్నాను. చెవులు బాగానే ఉన్నాయి నాకు, మోకాళ్ళే పోయాయి."

లోర్కన్ ఠారెత్తిపోయి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. "క్షమించండి, మిసెస్ కోటర్."

"క్షమించడం తర్వాత. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. గరిటె నువ్వే తెచ్చిపెట్టు. పాడుకున్నాను గనక అది నాది. పిల్ల మాత్రం వేలంలో లేదు, దాన్నే అడుక్కో."

లోర్కన్ అడిగాడు. ఆదివారం ఇద్దరూ కలిసే వెళ్ళారు. సూప్‌లో ఉప్పు ఎక్కువైంది గానీ, ఆ గరిటెతో వడ్డించిన ఆ ముసలావిడకి ఆ మాట చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. రెండోసారి కూడా వేయించుకున్నారు.