పిల్లితేగలో తొమ్మిది పాళ్లు

2081 నాటికి ప్రతి వంటింట్లోనూ వంటపొయ్యి పక్కన మందుపొయ్యి వచ్చి చేరింది. ఏ మూలికనైనా అణువు అణువుగా పేర్చి, కషాయంగా కప్పులో పోసి ఇచ్చే యంత్రమది. ఎవరికి ఏ రక్తపరీక్ష జరిగినా, ఫలితం ఇంట్లో వాళ్లకి తెలియాలని, దాన్లోంచే చీటీగా వచ్చేది. ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి కబుర్లు కూడా అలాగే చీటీలుగా పంపుకోవచ్చు. ఇంత చేసిన శాస్త్రజ్ఞులు ఆ కప్పు కడిగే పని మాత్రం ఎప్పుడూ కడిగేవాళ్లకే వదిలేశారు.

మందుపొయ్యి ఓడిపోయింది ఒక్క పిల్లితేగల దగ్గరే. ముళ్లతీగ కింద గుత్తులుగా ఊరే తెల్లటి అడవి దుంపలవి. చింతలగొంది కొండమీద బాలింతలు వాటిని పాలలో కాచి తాగితే బిడ్డకి కడుపునిండా పాలు. అవే అణువులతో తయారైన కషాయం పట్నంలో బాలింతలు తాగితే నోరు చేదెక్కడం తప్ప మరేమీ లేదు. ఔషధ మండలి అధ్యక్షుడు త్రివిక్రమరావు గారు ఆలోచించి, మహిమంతా ఆ కొండ మట్టిలో ఉందని తేల్చారు. కొండ పైపొర మొత్తం తవ్వి తేవాలన్న ఉత్తర్వు సిద్ధమైంది. సంతకమే మిగిలింది.

అప్పటికి డాక్టర్ వకుళ కారకదర్శిని అనే యంత్రాన్ని పూర్తి చేసింది. పాత పరికరాలు మందులో ఏముందో చెప్పేవి. ఇది మందు ఎందుకు పనిచేసిందో చెబుతుంది. తిన్న తిండి, పోయిన నిద్ర, మోసిన బరువు, పడ్డ దిగులు అన్నీ రక్తంలో బయోమార్కర్లు వదులుతాయి. వకుళ వాటికి జీవచిహ్నాలని పేరు పెట్టింది. యంత్రం వాటిని చదివి, వచ్చిన గుణాన్ని కారణాలకి నూటికిన్ని పాళ్లని పంచుతుంది.

సంతకానికి ముందు ఒక్క పరీక్ష చూడమని వకుళ మండలిని ఒప్పించింది. కొండ నుంచి బుల్లెమ్మని పిలిపించింది. ఆమె కోడలు గంగి పాలిస్తున్న తల్లి. గంగి రక్తం సీసాలో వచ్చింది గానీ గంగి రాలేదు. ఎందుకు రాలేదని అధ్యక్షుడు అడిగితే, పురుడై ఇంకా ఇరవయ్యొక్క రోజులు కాలేదు కదా బాబూ అంది బుల్లెమ్మ, అంత చదివినాయనకి ఆమాత్రం తెలీదా అన్నట్టు.

యంత్రం చుక్క తీసుకుని పలికింది.

"దుంప, తొమ్మిది పాళ్లు. మిగతా తొంభై ఒకటి, పంతొమ్మిది రోజులుగా ఈ మనిషి పొయ్యి ముట్టుకోలేదు."

బుల్లెమ్మే వివరించింది. ఆ దుంప తాగే మనిషి దాన్ని తవ్వకూడదు, నూరకూడదు, కాచకూడదు. మొగుడు తవ్వాలి, అత్త కాచాలి. తాగిన గిన్నె తాను కడిగిందో, గుణం పోద్ది. మరి పట్నంలో మందుపొయ్యి మీట నొక్కేదెవరని వకుళ సభ్యుల్ని అడిగింది. బాలింతే. కప్పు కడిగి, ఆ తడి చేత్తోనే ఇంటిల్లిపాదికీ ఉప్మా కలిపేదీ ఆమే.

ఒక సభ్యుడు మాత్రం ఆశ వదులుకోలేదు. ఆ తొంభై ఒక్క పాళ్లనీ మాత్రగా చేయలేమా అన్నాడు. వకుళకి ఒళ్లు మండింది.

"విశ్రాంతిని మాత్రగా మింగించి, ఇక లేచి పని చూసుకోమంటారా సార్?"

త్రివిక్రమరావు గారు నవ్వి, మూఢనమ్మకాన్ని పాళ్లలో కొలిస్తే శాస్త్రం కాదన్నారు. యంత్రం చెడిపోయిందని నిరూపించడానికి తన వేలే చాచారు. డెబ్భై ఏళ్లకీ నలభై ఏళ్లవాడిలా ఉండటానికి కారణం పొద్దున్నే పరుగూ, తాను స్వయంగా కనిపెట్టిన ఉసిరి కషాయమూ అని ఆయన దేశమంతా ఉపన్యాసాలిచ్చారు. యంత్రం బాగుంటే అదే చెప్పాలి మరి.

"పరుగు, ఆరు పాళ్లు. కషాయం, రెండు. మిగతా తొంభై రెండు, నలభై మూడేళ్లుగా ఈ మనిషి పొయ్యి ముట్టుకోలేదు."

ఆయన మొహం కందగడ్డలా అయింది. యంత్రం పనికిరాదని రాయమన్నారు. ఉత్తర్వు ముందుకు లాక్కుని కలం మూత తీశారు. ఆ పరీక్ష ఫలితం అప్పటికే తమ వంటింట్లో చీటీగా పడి ఉంటుందన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఆ నియమం పెట్టింది తానే అయినా, చీటీలు తీసి చదివే అలవాటు ఆయనకి ఎన్నడూ లేదు.

గది మూలనున్న మందుపొయ్యి గుర్రుమంది. వకుళ చీటీ తీసి చూసి, నవ్వు పెదవి కింద దాచుకుని, పైకి చదివింది. ఉత్తర్వు సంగతి ముందే తెలిసిన ఆయన భార్య హైమవతి గారు రాశారు.

"ఆ కొండమీద గడ్డపార పడితే, రేపటినుంచి పొయ్యి మీరే ముట్టుకోండి. అగ్గిపెట్టె ఎక్కడుందో నేను చెప్పను."

కలం మూత మళ్లీ పడింది. చింతలగొంది మట్టి పరిశోధనకి అనుకూలంగా లేదు కాబట్టి తవ్వకం రద్దని మినిట్స్‌లో రాశారు. కారకదర్శినికి మరమ్మతు కావాలని కూడా రాశారు. ఇకమీదట అది మందుకి దక్కే పాళ్లే చెబితే చాలట.

బుల్లెమ్మ చీర కుచ్చిళ్లు దులుపుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగింది.

"అమ్మగోరిని ఓ ఇరవయ్యొక్క రోజులు మా కొండకి పంపండి బాబూ. దుంప నేను కాచి పెడతాను."

ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. మందుపొయ్యి మాత్రం దాన్ని చీటీగా హైమవతి గారికి పంపేసింది. మీట నొక్కింది వకుళ.