బల్ల కింద బంక

మా ఆయన ఫోన్ మా ఆయనకి తప్ప ఎవరికీ లొంగదు. మనిషి పోయి నెల దాటింది, దాని పొగరు మాత్రం తగ్గలేదు.

"వేలు పెడితే చాలే, ఇట్టే తెరుచుకుంటుంది. ఆ గీతలూ నంబర్లూ ఎవడు గుర్తుపెట్టుకుంటాడు?" అని వచ్చినవాడికీ పోయినవాడికీ చూపించి మురిసిపోయాడు మహానుభావుడు. నా ఫోన్‌కి కూడా నా బొటనవేలు దగ్గరుండి పెట్టించాడు. తన ఫోన్‌కి వేలు పెట్టేటప్పుడు, తెరవడానికి గీత కూడా కావాల్సిందేనని అది మొండికేస్తే ఏదో ఒకటి గీసేశాడు. ఆ గీతేమిటో నాకు చెప్పలేదు, మా అమ్మాయి చిట్టికీ చెప్పలేదు. నాకు ఒళ్లు మండేది అందుకే.

మాది పుస్తకాలకి అట్టలు వేసే చిన్న షాపు. ఇల్లు వెనక వీధిలో. చేతులకి ఎప్పుడూ బంకే కాబట్టి, ఆయన ఏదీ కాగితం మీద రాసుకునేవాడు కాదు. చెయ్యాల్సిన పనులన్నీ ఫోన్‌లో మాట్లాడి దాచుకునేవాడు. ఆయన గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. నాకు కావాల్సింది అదొక్కటే.

ఫోన్లు బాగుచేసే అతన్ని షాపుకే పిలిపించాను.

"అక్కా, లోపలున్నదంతా తుడిచేస్తే కొత్త ఫోన్‌లా అయిపోతుంది" అన్నాడు.

"కొత్తది నాకెందుకయ్యా? ఆ తుడిచేసేదే నాకు కావాలి!"

"అయితే ఆగిపోనివ్వకండి. ఒక్కసారి ఆగిందంటే ఆయన వేలు పెట్టినా వినదు, గీతే అడుగుతుంది."

"ఆయన వేలెక్కణ్ణించి తేను?"

అతను తల గోక్కుని వెళ్లిపోయాడు. అప్పట్నించి ఆ ఫోన్‌ని చార్జర్ నుంచి ఊడదియ్యలేదు. పసిపిల్లకి కాపలా కాసినట్టు కాశాను.

ఆ రోజు దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది.

షాపంతా తడి బంక వాసన, కాగితం దుమ్ము. ఆ ఫోన్ బ్యాటరీ ఏనాడో ముసలిదైపోయింది. చూస్తుండగానే అంకె పడిపోతోంది. నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఆ గాజు మీద నా వేలు పెట్టి రుద్దాను. 'గుర్తించలేదు' అంది. మళ్లీ రుద్దాను. ఇంక ఒకటి రెండుసార్లకి పూర్తిగా మొండికేస్తుందని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. బంక అంటిన వేలితో ఫోన్ తెరుచుకునేది కాదు. అందుకని బొటనవేలి మీద ఎండిన పొర ఒలిచి, బల్ల అంచు కింద అంటించేవాడు. "ఛీ, ఏం అలవాటండీ ఇది!" అని రోజూ తిట్టేదాన్ని. ఆయన పోయాక, ఆ తిట్టిన నోటితోనే ఏడుస్తూ, బల్ల కింద అంతా గీకి శుభ్రం చేసింది కూడా నేనే.

బల్ల కిందకి దూరాను. చీకటి. చేతికి చెక్క తప్ప ఏమీ తగల్లేదు.

"అబ్బా… ఒక్కటైనా దొరక్కూడదా!" అన్నాను పైకే.

మూలన, గోడ వైపు, ఏదో మెత్తగా తగిలింది. పల్చటి పొర. దాని మీద సన్నటి గీతలు. నెల రోజులది ఎండిపోయి పెళుసెక్కాలి కదా… అది తడిగా ఉంది. ఆలోచించే ఓపిక లేదు. నా బొటనవేలికి చుట్టి, నోటి ఆవిరి పట్టి, ఫోన్ మీద ఆనించాను.

తెరుచుకుంది.

దొరికిన రికార్డు నొక్కాను. "రేపు పెద్ద పుస్తకాలు కుట్టాలి. దారం అయిపోయింది… ఆవిడకి తెలిస్తే అరుస్తుంది." ఆయనే! అదే నవ్వు. అక్కడే కూలబడి, కళ్లు తుడుచుకుంటూ, అన్నిటికంటే పైనున్నది నొక్కాను.

మొదట ఏమీ లేదు. తర్వాత చెక్క మీద చెయ్యి తడుముతున్న చప్పుడు. చాలా దగ్గరగా. ఆ తర్వాత నా గొంతు.

"అబ్బా… ఒక్కటైనా దొరక్కూడదా!"

దాని వెనకే, నా చెవి పక్కనున్నట్టు, ఆయన గుసగుస.

"ఇదిగో… తీసుకో. మరి నీది నాకివ్వు."

ఫోన్ ఆగిపోయింది.

బల్ల మీదనుంచి చిన్న చప్పుడు… టిక్. నా ఫోన్ తెరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడది. నేనింకా బల్ల కిందే ఉన్నాను. లేచి చూస్తే దాని వెలుతురు మెల్లగా ఆరిపోతోంది. ఇంట్లో ఉన్న చిట్టికి ఫోన్ చేద్దామని, బొటనవేలి మీద పొర లాగేసి నా ఫోన్ మీద ఆనించాను. 'గుర్తించలేదు.' మళ్లీ ఆనించాను. 'గుర్తించలేదు.' ఆ వెలుగులోనే వేలు చూసుకున్నాను. ఒక్క గీత లేదు. గోరులా నున్నగా ఉంది.

అంతలో ఫోన్ మోగింది. చిట్టి.

"అమ్మా, ఇప్పుడే నీ ఫోన్‌లోంచి మాట్లాడిందెవరే? అచ్చం నాన్న గొంతు. టీ పెట్టమన్నాడు… వస్తున్నాడట."

ఆయన ఇంటికొస్తే ముందు పెరట్లోకి పోయి చేతుల బంక కడుక్కునేవాడు.

"అమ్మా, షాపులోనే ఉన్నావా?" చిట్టి గొంతు సన్నబడిపోయింది. "మరి పెరట్లో కుళాయి తిప్పిందెవరే…?"