నోట్‌బుక్‌లో రాయని కారణం

షాపు షట్టర్ ఇంకా సగమే లేచింది. అప్పటికే ఆయన రెండు కారణాలు చెప్పేశాడు.

"యేసు సమాధి ఖాళీగా ఉందని మొదట చెప్పింది ఆడవాళ్ళు. ఆ కాలంలో ఆడవాళ్ళ సాక్ష్యాన్ని ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. కట్టుకథ అల్లేవాళ్ళయితే మగవాళ్ళ చేత చెప్పించేవాళ్ళు కదా?"

"ఈ కాలంలో మాత్రం నా మాట ఎవరు లెక్కచేస్తున్నారు? ఆ షట్టర్ పూర్తిగా ఎత్తండి, నడుం పట్టేస్తోంది," అంది భార్య.

పాత కుట్టుమిషన్లు కొని, బాగుచేసి అమ్మే షాపు అది. వెనకే ఇల్లు. కొనడం, అమ్మడం ఆవిడ పని. బాగుచెయ్యడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా ఆ పంపకంలో తేడా రాలేదు. ఎనిమిది నెలల క్రితం ఆయన యేసుప్రభువును నమ్ముకున్నాడు. దానికి ఆవిడకేం అభ్యంతరం లేదు. ఆవిడ ప్రాణం తీస్తున్నది ఆ నోట్‌బుక్. క్రైస్తవం నిజమని నమ్మడానికి పదకొండు కారణాలు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. బాబిన్ కోసం వచ్చినవాళ్ళకు రెండో కారణం, బెల్టు కోసం వచ్చినవాళ్ళకు ఐదోది. మొన్న ఒకామె సూదుల ప్యాకెట్టు బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయింది.

"ఇవాళ తమ్ముడొస్తాడు. వాడికి మొత్తం వినిపిస్తాను," అన్నాడాయన.

"వద్దు. నెలకోసారి తల్లి మొహం చూడటానికి వస్తాడతను. మీ పుణ్యాన ఆ రాకపోక కూడా ఆగిపోతుంది."

ఆ మాటలో నిజం ఉంది. ఆరేళ్ళ క్రితం చిన్నకొడుకు ఇంట్లో పక్షవాతంతో మంచాన ఉన్న మామగారు, ఒక మధ్యాహ్నం అత్తగారు బయటికెళ్ళి పక్కన ఎవరూ లేనప్పుడు లేవబోయి బాత్రూం గుమ్మంలో పడ్డాడు. నాలుగు రోజులకు పోయాడు. ఆ పూట దగ్గరుండాల్సింది చిన్నకొడుకు. అన్నకు చెప్పకుండా వెళ్ళిపోయాడని ఇంట్లో తేల్చేశారు. అప్పటినుంచి తల్లి అతనితో "వచ్చావా, వెళ్తావా" తప్ప మూడో మాట మాట్లాడదు. అతనింటి గడప తొక్కదు.

పదకొండింటికి అతను వచ్చాడు. టాక్సీ డ్రైవరు. కారు బయట ఆపి, తల్లి మందుల సంచి పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోరా. ఒక పది నిమిషాలు," అన్నాడు అన్న, నోట్‌బుక్ తెరుస్తూ.

"వదినా, ఏంటిది? పరీక్షా?"

"తప్పదు. నాకు రోజూ ఉంటుంది."

"శిష్యులు దెబ్బలు తిన్నారు, చంపుతామన్నా మాట మార్చుకోలేదు," అని అందుకున్నాడు అన్న.

"అబద్ధం కోసం చచ్చినవాళ్ళూ ఉన్నారు అన్నయ్యా."

"అబద్ధాన్ని నిజమనుకుని చస్తారు. వీళ్ళు లేచొచ్చిన యేసును తమ కళ్ళతో చూశామన్నారు. చూడకుండా చూశామని చెప్పి, దానికోసం ఎవరు చస్తారు? ఇక నాలుగోది…"

"నాలుగోది వచ్చే నెల విందాం. నా బండి ఎండలో ఉంది."

ఆవిడకు ఒళ్ళు మండింది. నోట్‌బుక్ లాక్కుని మూసేసింది.

"ఇరవై రెండేళ్ళుగా కొనేవాళ్ళను చూస్తున్నాను. మిషన్ మీద మనసు పడ్డాకే కారణాలు వెతుక్కుంటారు. రంగు నచ్చి కొంటారు, మోటారు గట్టిదని ఇంట్లో చెప్తారు. మీరూ అంతే. ఈ పదకొండూ ఎక్కడెక్కడో విని రాసుకున్నవి. మీరు దేన్ని చూసి నమ్మారో అది చెప్పండి. అది లేదంటారా, ఇవాళ్టితో ఈ గోల ఆపండి."

ఆయన చేతులకున్న నూనె గుడ్డకు తుడుచుకున్నాడు.

"యేసును పట్టుకెళ్ళిన రాత్రి, శిష్యులందరిలోకీ పెద్దవాడు చలిమంట దగ్గర నిలబడి, ఆయనెవరో నాకు తెలీదన్నాడు. మూడుసార్లు. ఒక పనిపిల్లకు భయపడి. తర్వాత అతనే అందరికీ పెద్దదిక్కు అయ్యాడు. అయినా ఆ కథ తీసెయ్యలేదు. యేసు కథ రాసిన నలుగురూ అది రాశారు."

"గిట్టనివాళ్ళు రాసుంటారు," అంది ఆవిడ అలవాటుగా.

"కాదే. రాసింది అతన్ని గౌరవించేవాళ్ళే. అతను ఒక్క మాట కాదంటే ఆగిపోయేది. కాదనలేదు."

ఆవిడకు తన బేరాలు గుర్తొచ్చాయి. మిషన్లు అమ్మడానికి వచ్చేవాళ్ళంతా కొత్తదానిలా నడుస్తుందనే చెప్తారు. ఎప్పుడో ఒకరు మాత్రం మిషన్ తిరగేసి, ఇదిగో ఇక్కడ పగులుందని తామే చూపిస్తారు. అలాంటివాళ్ళ దగ్గర ఆవిడ మారుమాట లేకుండా కొంటుంది. ఒక్కసారీ మోసపోలేదు.

"అది చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు," అన్నాడాయన. "అంత తప్పు చేసినవాడు దాన్ని అందరి ముందూ చెప్పుకోగలిగాడంటే, చనిపోయినాయన నిజంగానే లేచొచ్చి అతన్ని క్షమించి ఉండాలి. ఇంకే రకంగానూ అది మనిషి నోటికి రాదు. నాకు తెలుసు. నా నోటికి ఆరేళ్ళుగా రాలేదు."

తమ్ముడు తలెత్తాడు.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేశావురా. అర్జెంటు బేరం వచ్చింది, నాన్న దగ్గరకు రమ్మన్నావు. పది నిమిషాల్లో వస్తాను, నువ్వెళ్ళు అన్నాను. మీ వదిన మిషన్లు కొనడానికి ఊరెళ్ళింది. చేతిలో పని ఉంది కదా అని గంటన్నర ఇక్కడే కూర్చున్నాను. తర్వాత అందరూ అడిగితే… వీడు నాకు చెప్పలేదన్నాను."

రోడ్డు మీద ఎవరో ఆ టాక్సీ తియ్యమని హారన్ కొడుతున్నారు.

"నేను ఫోన్ చేశాను కదా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "ఈమధ్య నాకే అనుమానం వచ్చింది అన్నయ్యా. చేశానా, చేశాననుకున్నానా అని."

పెద్దవాడు స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడ చేతిలో నోట్‌బుక్ బరువుగా అనిపించింది. ఈ ఒక్క మాట చెప్పలేకే మనిషి ఎనిమిది నెలలుగా పదకొండు పేజీలు చదువుతున్నాడని అప్పటికిగానీ ఆవిడకు అర్థం కాలేదు.

లోపలి తలుపు దగ్గర తల్లి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదురా?" అని చిన్నకొడుకునడిగింది.

"చెప్పానమ్మా. పెద్దాడు అబద్ధమాడడన్నావు."

ముసలావిడ గోడ పట్టుకుని నడిచొచ్చి అతని చొక్కా పట్టుకుంది. అతని భుజానికి నుదురు ఆనించింది. కాసేపటికి కోడలివైపు తిరిగింది.

"నా బట్టలు నాలుగు సంచిలో సర్దమ్మా. వీడింటికి వెళ్తున్నాను." తర్వాత పెద్దకొడుకుతో, "వారం రోజులు నీ మొహం నాకు చూపించకు. ఆ తర్వాత వచ్చి తీసుకెళ్ళు. నువ్వే రావాలి. కోడల్ని పంపితే రాను," అంది.

తమ్ముడు కారు తలుపు తీసి తల్లిని కూర్చోబెట్టాడు. స్టీరింగ్ వైపు వెళ్తూ ఆగి, వెనక్కొచ్చాడు.

"వారం తర్వాత భోజనం వేళకి రా. పది నిమిషాల్లో వస్తానని మాత్రం చెప్పకు," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అన్న చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగాక కూడా ఆయన స్టూలు మీదే వెక్కుతూ ఉన్నాడు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

"ఎనిమిది నెలలు నా బుర్ర తిన్నారు. ఇది ముందే చెప్పుంటే…" మాట పూర్తికాలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ మంట దగ్గర మనిషి సంగతి ఎక్కడుందో తీసివ్వండి. నేను చదువుకుంటాను. మధ్యలో వివరించకండి."

ఆయన లోపలినుంచి బైబిలు తెచ్చి, ఆ పేజీ తీసిచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. మళ్ళీ తీసి తుడిచింది. అయినా అక్షరాలు కంటికి ఆనలేదు.