మసి అంటని తొడుగులు

ఓడల సర్వేయర్ శవం ఓడలు బాగుచేసే డ్రై డాక్ అడుగున దొరికింది. కాలు జారిందన్నారు పోలీసులు. గూఢచారి శాఖ చీఫ్ మాత్రం ఆ మాట నమ్మలేదు.

"చావబోయే ముందు మనకు ఒక్క మాట పంపాడు. పొగగొట్టం చూడమని," అన్నాడు, కిటికీ తెర లాగుతూ.

"ఏ ఓడదండీ?" అన్నాడు గ్రీజు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు.

"రేవు బయట రోజుల తరబడి ఇంజన్ నెమ్మదిగా నడుపుకుంటూ కాచుకుని ఇప్పుడు లోపలికొచ్చిన కార్గో షిప్. అలా నడిస్తే గొట్టం నిండా జిడ్డు మసి పేరుకుంటుంది. ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ ఇస్తే అంటుకుంటుంది. లేచే నిప్పురవ్వల్ని లోపలే గిర్రున తిప్పి పట్టేసేది స్పార్క్ అరెస్టర్. దాని రెక్కలు పీకేస్తే రవ్వలన్నీ పక్కనున్న పెట్రోల్ ట్యాంకర్ మీద పడతాయి. రేవు మొత్తం బుగ్గి. లోకం దృష్టిలో అదొక యాక్సిడెంట్. ఇప్పుడే ఆపేస్తే దీని వెనకున్న ముఠా జారుకుంటుంది."

గ్రీజు కుర్చీలోంచి లేచాడు. ఆ ట్యాంకర్ మీద పంప్‌మన్‌గా పనిచేసేది అతని బావ.

"అక్కడ మన మనిషి ఉంది. కోడ్ నేమ్ కర్పూరం. కొత్త సర్వేయర్ వేషం," అంటూ చీఫ్ ఓ చేతి వాచీ అందించాడు. "దీని సెన్సర్ పొగగొట్టానికి అంటించు. వేడి హద్దు దాటితే వణుకుతుంది."

మధ్యాహ్నానికి గ్రీజు ఫిట్టర్ వేషంలో సెన్సర్ అంటించి, ఇంజన్ రూమ్‌లో మసి ట్రే శుభ్రం చేస్తున్నాడు. మెట్ల మీద హీల్స్ చప్పుడు. డీజిల్ కంపును మింగేస్తూ సెంటు వాసన. తెల్లని బాయిలర్ సూట్, తెల్లని తొడుగులు. అంత అందం ఆ గదిలోకి ఎన్నడూ దిగి ఉండదు.

"గాలి ఎటు నుంచి?" అన్నాడు.

"ఎటు నుంచైనా మనకే." కోడ్ కలిసింది. కర్పూరం నవ్వింది. "ఇప్పుడే పైకెక్కి అరెస్టర్ విప్పి చూశా. రెక్కలన్నీ భద్రం. గుండె మీద చెయ్యేసుకుని ఉండు."

గ్రీజు నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు. ఓడ కదిలింది. ఇంజన్ గొంతు పెరిగింది. మణికట్టు మీద వాచీ వణికింది.

అప్పుడు చూశాడు ఆ తెల్లని తొడుగులు. ఆ అరెస్టర్‌లో చెయ్యి పెట్టినవాడు మోచేతి దాకా నల్లబడకుండా బయటికి రాడు.

"తొడుగులు మార్చుకున్నారా మేడమ్?"

"లేదే. ఎందుకు?"

అన్నాక ఆమెకూ అర్థమైంది. పిస్టల్ బయటికొచ్చింది. స్టాప్ బటన్ సరిగ్గా ఆమె వెనకే ఉంది.

"ఫుల్ స్పీడ్ ఎహెడ్!" అని స్పీకర్ అరిచింది.

గ్రీజు చేతిలోని ట్రే ఆమె మొహాన విసిరాడు. గుండు చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఆమెను నెట్టుకుంటూ వెళ్లి బటన్ గుద్దాడు. ఇంజన్ ఆగింది. గాలి అందక గొట్టంలో మంట అణిగిపోయింది. ఆమెకు సంకెళ్లు వేసి డెక్ మీదికి తెచ్చేసరికి, ఆఖరి రవ్వ ఒకటి తేలుతూ వచ్చి ట్యాంకర్‌కు బారెడు దూరంలో నీళ్లలో పడింది.

సాయంత్రం అక్క ఇంట్లో బావ చిందులు తొక్కుతున్నాడు.

"పక్క ఓడలో ఎవడో తలతిక్క ఫిట్టర్ ఇంజన్ ఆపేశాట్ట! మా పనంతా ఆగిపోయింది. దొరికితే వాడి పని చెప్తా!"

"పోనీలే బావా," అన్నాడు గ్రీజు, ఇంకా వదలని మసిని సబ్బుతో రుద్దుకుంటూ. "వాడి ఉద్యోగం ఊడేలా నేను చూస్తాగా."