మూడో టికెట్

పరాయి దేశంలో రైలు టికెట్ కొనడం బ్రహ్మవిద్యేం కాదు. ఏజెంటు దగ్గరికి వెళ్ళి, వాడడిగిన కమిషన్ వాడి మొహాన కొడితే టికెట్ తెచ్చి చేతిలో పెడతాడు. ఊళ్ళు చూడ్డానికి వెళ్ళిన నలుగురూ చేసేది అదే. మేధావి మాత్రం అలా చేసేవాళ్ళని మనుషుల్లో లెక్కేయడు.

మేధావి అన్నది ఆఫీసులో వాళ్ళు వెటకారానికి పెట్టిన పేరు. ఆయన దాన్ని బిరుదనుకుని మురిసిపోయాడు. సరే, మురవనీ, మన సొమ్మేం పోయింది? సెలవలకి ఎక్కడికైనా వెళ్ళొచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని "టికెట్‌కి ఎంత పెట్టావ్?" అని అడగడం, వాడు చెప్పాక పెదవి విరిచి "నన్నడక్కపోయావా?" అనడం ఆయనకి కాఫీ తాగినంత అలవాటు.

ఆ మధ్యాహ్నం హోటల్ గదిలో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని అదే పనిలో ఉన్నాడు. మర్నాడు పొద్దున కొండల దాకా విమానం, అక్కణ్ణించి కొండల్లో పడి రైలు. విదేశీయులకి వేరే సైటు పెట్టారు, దాంట్లో రేటు ఎక్కువ. ఆ దేశం వాళ్ళ సైటులో కొనాలంటే ఆ దేశపు ఫోన్ నంబరుండాలి. రిసెప్షన్‌లో అమ్మాయిని నవ్వుతూ పలకరించి ఆవిడ నంబరు వాడుకున్నాడు. ఒక కార్డు తీసుకోకపోతే ఇంకోటి పెట్టాడు.

"చూశావా? పక్క గదిలో దిగిన ఆ లావుపాటాయన ఇదే విమానానికి రెట్టింపు పోశాట్ట. మొహం చూస్తేనే తెలుస్తోంది, ఎవడు చెయ్యి చాపితే వాడి చేతిలో పర్సు పెట్టే రకం."

కిటికీ దగ్గర కూర్చున్న భార్య "ఊఁ" అంది. లోకంలో ఏమడిగినా ఆవిడ చెప్పే జవాబు ఈమధ్య అదొక్కటే.

ఆవిడ తల్లి పోయి ఏడాది కాలేదు. అప్పట్నుంచీ తిండి లేదు, నిద్ర లేదు. ఒకరోజు మేడ మీద పిట్టగోడ ఎక్కి నిలబడి ఉంటే పక్కింటివాళ్ళు చూసి కిందికి దింపారు. "అమ్మ పిలిచింది" అంది, నీళ్ళ కోసం వెళ్ళానన్నంత మామూలుగా. ఆ ఒక్కరోజూ మేధావి ఎవర్నీ ఏ రేటూ అడగలేదు. ఎంత గొప్పలకు పోయేవాడైనా ఆవిడంటే ప్రాణం, అది మాత్రం అబద్ధం కాదు. డాక్టరు చోటు మార్చమన్నాడు, ఒంటరిగా వదలొద్దన్నాడు. అందుకే ఈ ప్రయాణం.

రైల్లో నాలుగు సీట్ల గదులున్నాయి, తలుపేసుకునేవి. ఇద్దరే అయితే వాటిలో ముక్కూమొహం తెలియనివాళ్ళని తెచ్చి కూర్చోబెడతారు. ఒకే కుటుంబం నుంచి ముగ్గురుంటే నాలుగోది అమ్మరు, గది మొత్తం మీదే. ఆ రూలు చదవగానే మేధావి బుర్ర గిర్రున తిరిగింది. పాస్‌పోర్టుల సంచీ తీశాడు. అందులో అత్తగారి పాస్‌పోర్టుంది. కూతురితో కలిసి మంచు చూడాలని ముచ్చటపడి తీయించుకుంది ఆవిడ. "మోకాళ్ళు పట్టుకుని నడిచే మనిషికి మంచెందుకు, ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే సరిపోదూ?" అని అప్పట్లో ఎగతాళి చేసింది ఈ మహానుభావుడే. ఆవిడ మళ్ళీ ఆ మాటెత్తలేదు.

పాస్‌పోర్టుకి ఇంకా గడువుంది. సైటు నంబరడిగింది, పుట్టిన తేదీ అడిగింది. మనిషి ఉందా లేదా అని అడగలేదు. పైగా పెద్దవాళ్ళకి రాయితీ! మేధావికి తన తెలివికి తనకే ముద్దొచ్చింది.

మర్నాడు విమానం దిగి స్టేషన్‌కి వచ్చేసరికి మబ్బు పట్టి ఉంది. ఆ రైళ్ళకి గేటు దగ్గర మెషీన్‌లో పాస్‌పోర్టు పెడితేనే లోపలికి పోనిస్తారు. అలా లోపలికి రానివాళ్ళ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. భార్య ముందు వెళ్ళింది. మేధావి తన పాస్‌పోర్టు పెట్టి లోపలికి నడిచి, వెనక్కి చెయ్యి చాపి అత్తగారిది కూడా మెషీన్‌లో పెట్టాడు. అద్దం తలుపులు తెరుచుకున్నాయి. మనిషి దాటేదాకా అవి మూసుకోవు. మేధావికి ఆ సంగతి తెలీదు... తెలిసినా పట్టించుకునేవాడు కాదు. కాసేపు అలాగే తెరుచుకుని ఉండి, తర్వాత మెల్లగా మూసుకున్నాయి.

"చెత్త మెషీన్లు" అని నవ్వుకుంటూ పెట్టె లాక్కుని వెళ్ళాడు.

గది బాగుంది. కిటికీ పక్కన ఎదురుబొదురుగా రెండు సీట్లు, తలుపు పక్కన రెండు. మేధావి, భార్య కిటికీ దగ్గర కూర్చున్నారు. రైలు కదిలింది. తలుపు బయట వరండాలో ఎవరో నడుస్తున్నారు. ఒక అడుగు పడుతోంది, రెండోది ఈడుస్తోంది. టప్... సర్ర్... టప్... సర్ర్... వీళ్ళ తలుపు దాకా వచ్చి ఆగింది. మేధావి తల తిప్పి చూశాడు. తలుపు అద్దంలోంచి ఎవరూ కనబడలేదు.

కాసేపటికి టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. యూనిఫాం, మెళ్ళో చిన్న మెషీన్. "అత్తగారు బాత్రూంకి వెళ్ళారు" అనే అబద్ధాన్ని మేధావి ఆ దేశపు భాషలో ఫోన్‌లో రాసి పెట్టుకున్నాడు. చూపించే అవసరం రాలేదు. ఆవిడ మేధావిని చూసి తలూపింది, భార్యని చూసి తలూపింది, భార్య పక్కనున్న ఖాళీ సీటుని చూసి... కాస్త వంగి మరీ తలూపింది. మెల్లగా ఏదో అడిగింది. ఒక క్షణం ఆగి, సరేనన్నట్టు నవ్వి, తలుపు పక్కనున్న చలిగాలి గొట్టం మూత ఆ సీటు మీదికి గాలి రాకుండా తిప్పేసింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

"మెంటల్ కేసు" అన్నాడు మేధావి. "ఇలాంటివాళ్ళకి ఉద్యోగాలెవరిస్తారో!"

భార్య ఆ సీటు వైపే చూస్తోంది.

"ఏవండీ, ఈ సీటు కూడా మనదేనా? మూడో టికెట్ ఎవరిది?"

చెప్పకుండా ఉంటే బతికిపోయేవాడు. గొప్ప చెప్పుకోకపోతే మేధావి ఎలా అవుతాడు? రూలు చెప్పాడు, రాయితీ చెప్పాడు, గేటు దగ్గర తన చాకచక్యం చెప్పాడు. ఆవిడ తిడుతుందేమో అనుకున్నాడు. తిట్టలేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆవిడ మొహం వెలిగింది.

"అమ్మని తీసుకొచ్చారా మీరు?"

"తీసుకురావడమేంటే? సీటు కోసం—"

"మీరు తీసుకొస్తారని నేనసలు అనుకోలేదండీ" అంది, కళ్ళ నీళ్ళతో. తన శాలువా తీసి ఖాళీ సీటు మీద పరిచి, అంచులు సర్దింది.

అప్పుడే రైలు సొరంగంలో దూరింది.

గది చీకటైపోయింది. పైన దీపం లేదు. తలుపు కిందనుంచి వరండా వెలుగు సన్నగా గీతలా పడుతోంది. చక్రాల మోత గోడలకి తగిలి రెట్టింపైంది. ఆ మోతలో... వాసన. నొప్పుల మందు వాసన. కళ్ళకి మంట పుట్టించే ఆ పచ్చ సీసా మందు. అత్తగారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ "ఇల్లు కాదు, ఆసుపత్రి" అని మేధావి ముక్కు మూసుకున్న వాసన అది.

వెలుగొచ్చింది. వాసన పోలేదు.

"మందు రాసుకున్నావా?"

"నేనెందుకు రాసుకుంటాను?" అంది భార్య. శాలువా ఇందాక పరిచినట్టు లేదు. మధ్యలో ఎత్తుగా ఉంది.

గాలికి ఉబ్బిందిలే అనుకున్నాడు మేధావి. గాలి రాకుండా టికెట్లావిడ మూత తిప్పేసిన సంగతి మర్చిపోయి అనుకున్నాడు.

రెండో సొరంగం వచ్చింది. ఈసారి మేధావి కిటికీ అద్దంలోకి చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. వరండా వెలుగులో గది నీడలు అద్దంలో పడ్డాయి. తను. ఎదురుగా భార్య. భార్య భుజం మీద తల వాల్చి... ఇంకో తల.

భార్య గుసగుసలాడుతోంది. "ఊఁ... ఊఁ... సరేనమ్మా... చెబుతాను."

ఆ మాటలకి మధ్యలో ఇంకో గొంతు. ఎండిపోయిన గొంతు. కూతురి చెవిలో చెప్పినా అల్లుడికి వినబడింది.

"మీ ఆయన్ని కాళ్ళు కాస్త తియ్యమనమ్మా... నాకు దారి లేదు..."

మేధావి కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. ఆలోచించలేదు, వెటకారమాడలేదు. లాక్కున్నాడంతే.

వెలుగొచ్చింది. శాలువా కింద పడి ఉంది. భార్య తన చేతిసంచీ సర్దుకుంటోంది.

"ఎక్కడికే?"

"తర్వాత ఆగేచోట అమ్మ దిగిపోతుందట. నన్నూ రమ్మంటోంది."

"అక్కడేం లేదు. ఊరు కూడా కాదది. మంచూ, రాళ్ళూ..."

"మంచేగా చూడాలనుకుంది" అంది భార్య. పిట్టగోడ మీంచి దింపిన రోజున ఎంత మామూలుగా అందో అంతే మామూలుగా.

 మేధావి లేచి వెళ్ళి భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు. వింటున్నావా? ఎక్కడికీ..." ఇంకో చేత్తో ఫోన్ తీశాడు. మనిషి ఎంత హడలిపోయినా అలవాటు ఎక్కడికి పోతుంది? దేవుణ్ణి తల్చుకోవాల్సిన సమయంలో ఈయన టికెట్ తెరిచాడు. సాయం కోసం కేకేసినా అయ్యేది. కేకేస్తే నలుగురూ నవ్వుతారని ఆ క్షణంలో కూడా ఆయనకి నామోషీ.

టికెట్ కింద ఒక బటనుంది. ప్రయాణికులెవరైనా దారి మధ్యలో దిగిపోతే తెలియజేయడానికి పెట్టింది. ముగ్గురి వివరాలూ వచ్చాయి. అత్తగారి పేరు నొక్కాడు. తప్పు నొక్కలేదు. ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ నొక్కాడు. అప్పుడే మూడో సొరంగం వచ్చింది.

సిగ్నల్ పోయింది. ఫోన్ మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఆ కాస్త వెలుగు తప్ప గదిలో ఏమీ లేదు. వరండా దీపాలు కూడా ఆరిపోయాయి.

భార్య చెయ్యి చేతిలోనే ఉంది. వెచ్చగా ఉంది. పట్టు సడలించలేదు మేధావి.

"అత్తయ్యగారూ..." అన్నాడు. జన్మలో ఆవిణ్ణి అలా బతిమాలి ఎరగడు. "మీకు దణ్ణం పెడతాను... మీరు దిగిపోండి... దీన్ని నాకు వదిలేయండి..."

 చీకట్లో ఎవరో లేచారు. తలుపు జరిగిన చప్పుడు. చలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. టప్... సర్ర్... టప్... సర్ర్... కాదు. ఈసారి ఈడుపు లేదు. టప్... టప్... టప్... గబగబా, తేలిగ్గా, చిన్నపిల్ల పరిగెత్తినట్టు అడుగులు వరండాలోకి వెళ్ళిపోయాయి.

చేతిలో చెయ్యి అలాగే ఉంది.

వెలుగొచ్చింది. ఆగాల్సిన చోటు కిటికీ పక్కనుంచే వెనక్కి వెళ్ళిపోయింది. మంచు కప్పేసిన చిన్న ప్లాట్‌ఫాం, దాని మీద ఒక బెంచీ. రైలు ఆగలేదు. కనీసం నెమ్మదించనైనా లేదు. మేధావి మొదట చూసింది చేతివంక. ఆ గాజులే. తలెత్తి చూశాడు. భార్య మొహమే. పక్క సీటు ఖాళీ. నొప్పుల మందు వాసన చలిగాలికి పూర్తిగా పోయింది.

ఫోన్ మోగింది. ఒకరు దిగినట్టు నమోదైంది, ప్రయాణంలో ఇద్దరున్నారు అని వచ్చింది.

మేధావికి నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా పగలబడి నవ్వాడు. "చూశావా? మంత్రాలూ లేవు, తాయెత్తులూ లేవు! ఒక్క బటన్! వేలకి వేలు పోసి భూతవైద్యుల చుట్టూ తిరుగుతారు వెధవలు... నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా!"

ఆవిడ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. ఆయనకి దూరంగా, తలుపు దాకా జరిగింది. మోకాలు పట్టుకుని, సీటు ఆనుకుని, కష్టం మీద లేచి నిలబడింది. పాదాలకి చెప్పుల్లేవు. ఆయన మొహంలోకి చూడలేదు. తల దించుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఎండిపోయిన గొంతుతో అంది.

"ఏమీ అనుకోకండి అల్లుడుగారూ... అమ్మాయి ఆ చీకట్లో ఒక్కతే దిగిపోయింది. మీరైనా కాస్త ఆపకపోయారా?"